గొట్టం అందని గది

నా మొదటి కాన్పుకు నన్ను మధిరలోని అత్తింటి నుంచి పుట్టింటికి తీసుకొచ్చారు. మధిరలో రైలుంది, డాక్టర్లున్నారు, దోమలు కూడా కాస్త మర్యాదగా ఉంటాయి. మా పుట్టిల్లేమో పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట, వానాకాలం వచ్చిందంటే ఇంటికొకరు దుప్పటి కప్పుకుని వణికే ఊళ్ళో. అయినా తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మా నాయనమ్మ పట్టు. తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే కాబట్టి ఆ పట్టుకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

వచ్చిన కొద్దిరోజులకే నాకు చలిజ్వరం పట్టుకుంది. దవాఖానాలో డాక్టరమ్మ మాత్రలిచ్చి, నాయనమ్మను పక్కకు పిలిచింది. "ఇంకోసారి గిట్ల జ్వరమొస్తే కడుపుల బిడ్డ దక్కుడు కష్టం. ముందు ఇంట్ల మందు కొట్టించు" అంది. పక్కకైతే పిలిచింది గాని గొంతు తగ్గించలేదు, నాకంతా వినపడింది. ఎడ్లబండిలో తిరిగొస్తున్నంతసేపూ నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు. ముద్దు చెయ్యడమన్నది ఆవిడకు పుట్టుకతోనే లేదు, అందుకే నాకు భయమేసింది.

మందంటే డీడీటీ. మలేరియా వాళ్ళు ఏటా ఇల్లిల్లూ తిరిగి గోడలకు కొట్టేవారు. మా ఇంటికి వచ్చేది మా ఊరి మాలపల్లె మనిషే. ఆయన తల్లి మా పొలంలో నాట్లు వేసేది. ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని పంపూ బకెట్టూ పట్టుకుని వస్తే నాయనమ్మ అరుగు వరకే రానిచ్చేది. అరుగు గోడకు కొట్టించుకుని, ఆయన వీధి మలుపు తిరిగీ తిరగకముందే దాన్నీ ఎర్రమట్టితో అలికించేసేది. మందు గోడ మీద నిలిస్తేనే దోమ చస్తుందని ఆయన ఏటా చెప్పేవాడు, ఈవిడ ఏటా తల ఊపేది. ఇద్దరూ మాట్లాడుకుంటే తిట్టుకుంటున్నట్టే ఉండేది. కానీ ఆయన రావడం ఆలస్యమైతే "మందోడు ఇంక రాకపాయె, ఏందో" అని వాకిట్లోంచి తొంగిచూసేదీ ఆవిడే.

ఆ ఏడు ఆయన ఒక్కడే వచ్చాడు. పంపు కొట్టడానికి ఒకరు, గొట్టం పట్టడానికి ఒకరు కావాలి. జోడీ మనిషికే చలిజ్వరమట! నాయనమ్మ కొంగు బిగించింది.

"నువ్వు అరుగు మీద కూసోని పంపు కొట్టురా. గొట్టం నేను పట్టుకోని లోపల కొడ్త."

"నీకొస్తదామ్మా?"

"ఇంత సంసారం ఈదిన, ఇదెంత?"

ముందు గది అయింది. నడిమింట్లో సగం అయింది. అక్కడ గొట్టం బిగుసుకుపోయింది. అవతల ఉన్నవి దేవుడి గదీ, దాన్ని ఆనుకుని నేను పడుకునే చిన్న గదీ. నాయనమ్మ గట్టిగా లాగింది. అరుగు మీద బకెట్టు ఒరిగి ఆయన కాళ్ళ నిండా తెల్లటి మందు. ఈవిడ జుట్టు నిండా అదే మందు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

"గొట్టం గింతేనా ఇచ్చిన్రు మీ సర్కారోళ్ళు?"

"ఇంత పెద్ద ఇల్లు కట్టుకొమ్మని సర్కారు చెప్పిందా? బకెట్టు లోపలికి రావాలె. బకెట్టుతోని నేను గూడ రావాలె."

"దేవుడర్రలకా? రాముని పటం మీద మందు కొడ్తవా?"

"పటం తీసి పక్కన పెట్టు. అయినా పర్ణశాలల అన్ని రోజులున్నడు గదా రాముడు, ఆయనను దోమలు కుట్టకుండనే ఇడిచిపెట్టినయా?"

పర్ణశాలకు ఏటా వెళ్ళి వచ్చే మనిషి మా నాయనమ్మ. అక్కడి దోమల సంగతి ఆవిడకు బాగా తెలుసు. నా గది వైపు చూసింది, నా పొట్ట వైపు చూసింది. గొట్టం కింద పెట్టి, "సరే, లోపలికి రా" అంది.

ఆయన లేవలేదు.

"వస్త. వచ్చి కొడ్త" అన్నాడు మెల్లగా. "నేను పోయినంక నువ్వేం జేస్తవో నాకెర్కలేదా? నేను తొక్కిన ఇల్లని అరుగు కాన్నుంచి దేవుడర్ర దాక నేలా గోడా అన్నీ అలికిపిస్తవు. మందు పోతది, మళ్ళ దోమొస్తది. ఆ బిడ్డకేమన్నయితే మందోడు సరిగ కొట్టలేదంటరు. దసరా దాటేదాక గోడ ముట్టనంటేనే వస్త."

గోడలకు పూత పడకుండా దసరా చేసుకోవడమంటే నాయనమ్మకు అంతకు మించిన శిక్ష లేదు. అయినా, "రాముని మీదొట్టు, ముట్టను" అంది.

"రాముడు మంచోడమ్మా, ఎన్ని ఒట్లు తప్పినా మాఫ్ జేస్తడు. వేరే ఒట్టెయ్యి."

నాయనమ్మ నా దగ్గరికి వచ్చింది. మందు అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుని నా నెత్తి మీద పెట్టింది. ఇక మాట తప్పదని నాకు తెలిసింది, ఆయనకూ తెలిసింది. లేచి, కాళ్ళ మీది మందు కడుక్కుని లోపలికి వచ్చాడు.

దేవుడి గదిలోనూ, నా గదిలోనూ ఆయన గొట్టం పట్టాడు, మా నాయనమ్మ పంపు కొట్టింది. "గట్టిగ కొట్టమ్మా, బువ్వ తినలేదా?" అని ఆయన. "నోరు మూసుకోని గోడ దిక్కు చూడు" అని ఈవిడ. ఆ ఇద్దరి మాటలు వింటూ ముందు గదిలో మంచం మీద పడుకున్న నాకు ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

దసరాకు ఊరంతా సున్నాలు వేసుకుంది. మా గోడలు మాత్రం మందు మరకలతో అట్లాగే ఉన్నాయి. పక్కింటావిడ వచ్చి, "వాడు దేవుడర్రల కాలు పెట్టిండట, ఇంక అలుకకపోతివి?" అని నిలదీసింది. "నా ఇంట్ల ఎవరు కాలు పెట్టాల్నో నేను చూసుకుంట. నువ్వు నా గోడకు ఆనకు, మందు పోతది" అంది నాయనమ్మ. అది ఆయన మీది గౌరవం కాదు, నా నెత్తి మీద వేసిన ఒట్టు భయం. తెలిసే మురిసిపోయాను.

జ్వరం మళ్ళీ రాలేదు. దసరా దాటాక బొద్దుగా ఆడపిల్ల పుట్టింది.

పురుడు వెళ్ళాక ఒక సాయంత్రం ఆయన వచ్చాడు. ఖాకీ లేదు, పంపు లేదు. తెల్ల చొక్కా, చేతి సంచిలో సీతాఫలాలు. అరుగు కిందే ఆగి, "పిల్లను చూసి పోదామని" అంటూ మెడ చాచాడు. ఒట్టు గడువు ఎప్పుడో తీరిపోయింది, గోడలకు కొత్త సున్నం కూడా పడింది. నేను పాపను ఎత్తుకుని గడప దాటబోతే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి.

"పచ్చి బాలింతవు, చలిగాలిల ఎక్కడికి పోతవే?" అని నన్ను కసిరి, ఆయన వైపు తిరిగింది. "ఏందిరా, పంపు లేకుంటే నీకు కాళ్ళు కదులవా? లోపలికి రా."

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత చెప్పులు విప్పాడు.