ఉగ్గాని తిన్న వేగులవాడు

కాశప్పకు రహస్యమంటే ప్రాణం. దాన్ని కడుపులో దాచుకునే విద్య మాత్రం ఆయనకు పుట్టుకతో రాలేదు, పెరిగాకా అబ్బలేదు. ఈ లోపం ఆయనకు తెలియనిదేమీ కాదు. తెలిసిన లోపాన్ని మనిషి సాధారణంగా స్వభావమని పిలుచుకుంటాడు. కాశప్ప దాన్ని అభిరుచి అని పిలుచుకున్నాడు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలులో కలిసిన కొత్తలు. కాశప్ప ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో యంత్రానికి పత్తి అందించే పని చేసేవాడు. సాయంత్రం గేటు దాటే వేళకు తల, కనుబొమలు, మీసం దూదితో నెరిసి, నలభై ఏళ్ల మనిషి తన తండ్రిలా కనిపించేవాడు. దీన్ని ఆయన ఖర్చులేని మారువేషంగా భావించి, అలాగే బజారు మీదుగా గంభీరంగా నడిచి పోయేవాడు. "ఏమన్నా, మిల్లు ఇడిసిరా?" అని ఎదురైన ప్రతివాడూ పలకరించేవాడు. అయినా ఆయన నమ్మకం చెదరలేదు.

ఈ నమ్మకానికి మూలం సినిమాలు. రాజు కొలువులోని వేగులవాడు సన్యాసి వేషంలో శత్రుదుర్గంలోకి జొరబడే జానపదాలు, టోపీ, పొడుగు కోటు తొడిగినవాడు గోడవార నిలబడి సిగరెట్టు వెలిగించే హిందీ పట్నం కథలు, ఆదివారం పొద్దున ఆడే ఇంగ్లీషు బొమ్మలు, దేన్నీ ఆయన వదలలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. భాష రాకపోవడం మేలే, ఎవడి మాటా నమ్మాల్సిన పని ఉండదు అనేవాడు. ఆదోనిలో చూసిన బొమ్మ కొన్నాళ్లకు ఎమ్మిగనూరు డేరా టాకీసుకు వస్తే అక్కడికీ బస్సెక్కి పోయేవాడు. కథ తెలిసే పోయేవాడు. తెలియని జనం మధ్య, తెలిసినవాడిగా కూర్చోవడమే ఆయనకు కావలసిన సుఖం. కానీ తెలిసినవాడని నలుగురికీ తెలియకపోతే ఆ సుఖం సగమే కదా. అందుకని విశ్రాంతికి ముందే ముందుకు వంగి, ఎవరికో గుసగుసగా, డేరా అంతా వినబడేలా, దొంగ ఎవరో చెప్పేసేవాడు. చీకట్లో చెప్పిన మాటకు మొహం ఉండదని ఆయన సిద్ధాంతం.

మిగిలిన సరదాలూ ఈ వంకర దారినే పట్టాయి. తోలుబొమ్మలాటకు పోతే తెర ముందు కూర్చోడు. వెనక్కి పోయి, ఏ బొమ్మ ఎవరి చేతిలో ఆడుతున్నదో చూసి వచ్చేవాడు. దాన్ని జిజ్ఞాస అనడం అతిశయోక్తి. బొమ్మలాడించేవాళ్లు ఆట మధ్యలో పంచుకునే వేయించిన శనగల మీద కూడా ఆయనకు దృష్టి ఉండేది. దసరాకు దేవరగట్టు కర్రల పోరు ఏటా తప్పక చూసేవాడు, ఏ కర్రా అందనంత ఎత్తున ఉన్న బండ మీద నుంచి. ఉరుసులో ఖవ్వాలీకి తల ఊపేవాడు. హోటలు రేడియో వార్తలకు నోరు తెరిచి కూర్చునేవాడు. వీటన్నిటికీ పైన, ఏ సిద్ధాంతమూ అవసరం లేని సుఖం ఒకటుంది: ఉగ్గాని, బజ్జి. నానిన బొరుగులను పసుపు, ఎర్రగడ్డ, పచ్చిమిరపలతో తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జి పెడితే కాశప్ప ఏ వేషంలో ఉన్నా కాశప్పే అయిపోయేవాడు.

ఇటువంటి మనిషిని ఆయన అక్క వీరమ్మ ఒక గూఢమైన పనికి ఎంచుకుంది.

వీరమ్మది పెద్దకడుబూరు. భర్త సారాకు పోయాడు. ముందు ఎద్దులు పోయి, తరువాత చేను పోయి, చివరకు మనిషి పోయాడు. ఒక్కతే కూతురు రంగమ్మ. ఎమ్మిగనూరులో నూలుకు రంగు వేసే నరసప్ప కొడుకు ఈరన్నతో సంబంధం మాట వచ్చింది. వీరమ్మకు ఆస్తి గురించి దిగులు లేదు. ఆమె కనుక్కుని రమ్మన్నది ఒక్కటే: పిల్లవాడు తాగుతాడా? నిషేధం ఉన్న రోజులవి. తాగేవాడు దాగి తాగేవాడు. దాగినదాన్ని కనిపెట్టడానికి తనను మించినవాడు తాలూకాలో లేడని కాశప్ప లోలోపల ఒప్పుకున్నాడు.

వీరమ్మ ఒకటే షరతు పెట్టింది. ఆ పక్కల ఆచారం అందరికీ తెలిసిందే. సంబంధం విచారించబోయినవాళ్లు ఆ ఇంట మంచినీళ్లు ముట్టకూడదు. అందులోనూ పిల్ల మేనమామ ఆ ఇంట తిని చెయ్యి కడిగాడంటే పిల్లను ఇచ్చినట్టే. మళ్లీ కాదంటే రెండు ఊళ్లలో తలెత్తుకోలేరు.

"ఏం పెట్టినా ముట్టొద్దురా నాయనా," అన్నది వీరమ్మ. "ఉగ్గాని పెట్టినా సరే."

కాశప్ప నొచ్చుకున్నాడు. రాజ్యాల రహస్యాలు మోసేవాళ్ల కోవకు చెందిన తనను బొరుగులతో తూచడం ఆయనకు నచ్చలేదు.

ఎండకు నెత్తి మాడుతుండగా ఆయన ఎమ్మిగనూరులో దిగాడు. ఒంటి మీద మిల్లు కావలివాడిని అడిగి తెచ్చుకున్న ఖాకీ కోటు, కళ్లకు జాతరలో కొన్న నల్లద్దాలు. బళ్ళారి నుంచి వచ్చిన రంగుల వ్యాపారినని కథ అల్లుకున్నాడు. కోటు లోపల చెమట కాలువలు కట్టింది. సినిమాలో కోటు తొడిగినవాడికి చెమట ఎందుకు పట్టదన్న ప్రశ్న ఆయనకు మొదటిసారి తట్టింది. అది తట్టాల్సిన చోటు ఇది కాదని తోసేశాడు.

నరసప్ప వాకిట్లో దండేల మీద ఎరుపు, నీలం, పసుపు నూలు పోగుల చిలపలు ఆరుతున్నాయి. నరసప్ప ఆయన్ను మర్యాదగా మంచం మీద కూర్చోబెట్టాడు. ఏ ఏ రంగులున్నాయని అడిగాడు. అన్నీ ఉన్నాయని కాశప్ప చెప్పాడు. నలుపు ఎండకు నిలుస్తుందా అని అడిగాడు. నీడన ఉంచితే నిలుస్తుందని కాశప్ప ఆలోచించి చెప్పాడు. నరసప్ప ఆ జవాబును ఎంతో విలువైన సంగతి విన్నట్టు విని, లోపలికి చూసి ఏదో సైగ చేశాడు.

పళ్లెం వచ్చింది. ఉగ్గాని మీద పుట్నాల పొడి ఇంకా తడవలేదు. బజ్జీల మీద నూనె చిటపటలాడుతోంది.

ఆ క్షణంలో కాశప్ప చేసిన తర్కం గమనించదగినది. తినకూడదన్నది పిల్ల మేనమామకు. ఇక్కడ కూర్చున్నది బళ్ళారి రంగుల వ్యాపారి. వ్యాపారి తినకపోతే అనుమానం వస్తుంది; కాబట్టి తినడం వేషంలో భాగం. కోరికకు తర్కం ఎన్నడూ కరువు కాదు. ఆకలి ముందు నడిస్తే తర్కం వెనక గొడుగు పట్టుకుని వస్తుంది. కాశప్ప ఉగ్గాని తిన్నాడు. బజ్జి కొరికాడు. మిరపకాయ ఘాటుకు నల్లద్దాల కింద నీళ్లు కారితే అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇంగో బజ్జి ఏసుకో కాశన్నా," అన్నాడు నరసప్ప మెల్లగా. "పిల్లనిచ్చే ఇంటోడివి, మొగమాటమెందుకు?"

కాశప్ప చేతిలోని బజ్జి చేతిలోనే నిలిచిపోయింది.

"ఎట్ల గుర్తుపడితివన్నా?"

"కోటు తొడిగితివి, అద్దాలు పెట్టుకుంటివి. గొంతు మార్చేది మరిసినావు. మా డేరాలో ఆ గొంతు ఇననోడు ఎవుడప్పా? ఆ గొంతోడే పిల్ల మేనమామని సంబంధం మాట వచ్చినప్పుడే ఇంటిమి. పోయిన నెల ఆ డాక్టరే దొంగ అని సెప్తివి సూడు, నా ఎనకే కూర్చోనుంటివి. నేను ఆ డాక్టరును శానా నమ్మింటిని."

అంతలో ఈరన్న వచ్చాడు. మోచేతుల దాకా నీలిరంగు. వంగి దండం పెట్టి, "బాగుండావా మామా?" అన్నాడు. కాశప్ప చివరి ప్రయత్నంగా ముక్కు ముందుకు చాచి వాసన చూశాడు. రంగు వాసన తప్ప ఏమీ రాలేదు. కానీ అందువల్ల తెలిసింది ఏమిటి? పిల్లవాణ్ణి చూడవచ్చినవాడు ఎవరో ఈ ఇంట్లో అందరికీ ముందే తెలుసు. చూస్తున్నారని తెలిసినవాడిలో కనబడేది, వాడు చూపదలచుకున్నదే. ఇంత కష్టపడి, ఇంత చెమటోడ్చి, ఆయన ఆ పిల్లవాడి గురించి సంపాదించిన జ్ఞానం సున్న. పైగా ఆ సున్నకు బదులుగా మేనకోడలి బతుకు పళ్లెంలో పెట్టి ఇచ్చేశాడు. చెయ్యి కడుక్కుంటుంటే నరసప్పే చెంబుతో నీళ్లు పోశాడు.

పెద్దకడుబూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. కోటు భుజాన వేసుకుని నడిచాడు. దారి పొడుగునా తన బావ గుర్తొచ్చాడు. చేను అమ్మిన రోజున కూడా ఆయన నవ్వుతూనే ఇంటికి వచ్చాడు. ఈరన్న కూడా నవ్వుతూనే దండం పెట్టాడు. అబద్ధం చెబుదామా అనుకున్నాడు కాశప్ప. నోరు విప్పితే నిజం దానంతటదే దొర్లిపోతుందని తన అనుభవమే హెచ్చరించింది.

వీరమ్మ వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన గాజుల హుసేనమ్మ సరుకు మోసే మలారం దించుకుని కూర్చుంది. ఆమె ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఆడవాళ్లకు గాజులు తొడిగే మనిషి. కాశప్ప నిలబడే చెప్పాడు.

"తింటినక్కా."

వీరమ్మ తలెత్తలేదు. "ఉగ్గానేనా?"

"బజ్జి గూడ." కోటు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "పిల్లోడు తాగుతాడో లేదో నాకేం తెలియలేదక్కా. పిల్ల గొంతు కోస్తిని."

వీరమ్మ ఒలిచిన గింజలు చేటలో పోసి, హుసేనమ్మ వైపు చూసింది. హుసేనమ్మ నవ్వు ఆపుకుని చెప్పింది. "ఆ ఇంట్లో గాజులు నేనే ఏస్తానప్పా, ఏండ్ల నుంచి. తాగేటోడున్న ఇంట్లో గాజులు పగులుతాయి. మొగుడు తాగినా, కొడుకు తాగినా పగిలేది ఆ ఇంటామెవే. ఈరన్న అమ్మవి అరుగుతాయి గానీ పగలవు. పోయిన వారమే సెప్తి మీ అక్కకు."

కాశప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి నన్నెందుకు పంపితివక్కా?"

"తినొస్తావని," అన్నది వీరమ్మ. "మొగుడు లేనిదాన్ని. నేనే ముందు ఒప్పుకుంటే లోకువ చేస్తారు. నువ్వు నోరాగక తింటే, తామే గెలిచినామని వాళ్లు మురిసిపోతారు. మురిసినోళ్లు పిల్లను బాగ సూసుకుంటారు."

"ముట్టొద్దంటివే!"

"ముట్టొద్దంటేనే గదరా నువ్వు ముట్టేది."

కాశప్ప అరుగు మీద చతికిలబడ్డాడు. ప్రతి బొమ్మలోనూ మొదటి రీలులో ఒక మనిషి ఉంటాడు. చేతికిచ్చిన మూటలో ఏముందో తెలియకుండానే సరిహద్దు దాటించి, మరి కథలో కనబడడు. వాడిని చూసి ఇన్నేళ్లూ డేరా అదిరేలా నవ్వినవాడు తానే. తోలుబొమ్మల తెర వెనక్కి ఎన్నిసార్లు పోయి చూశాడు! తన కాలికి కట్టిన పుల్ల ఎవరి చేతిలో ఉందో మాత్రం చూసుకోలేదు. ముందు కొంచెం అవమానమనిపించింది. తరువాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు. హుసేనమ్మ లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. అవి నిస్సంకోచంగా తాగాడు.

పెళ్లయిన కొన్నాళ్లకు మామా అల్లుళ్లు కలిసి ఎమ్మిగనూరు డేరాకు పోయారు. బొమ్మ కాశప్ప ముందే చూసినదే. తెర మీద ఒక అమాయకుడు మూట పట్టుకుని రైలెక్కాడు. జనం నవ్వారు. కాశప్ప నవ్వలేదు.

"దొంగ ఎవరు మామా?" ఈరన్న చెవిలో అడిగాడు.

"నాకేం తెలుసప్పా, సూడు," అన్నాడు కాశప్ప.

ఆ మాట మీద ఆయన విశ్రాంతి దాకా నిలబడ్డాడు. ఆయన విషయంలో అది చిన్న సంగతేమీ కాదు. లైట్లు వెలిగి బజ్జీల బుట్ట దగ్గరకు వచ్చాక, అల్లుడు ఒక బజ్జి చేతిలో పెట్టాడు. అది కొరికీ కొరకముందే కాశప్ప ముందుకు వంగి, గుసగుసగా, డేరా అంతా వినబడేలా చెప్పేశాడు.