నెయ్యి మేష్టారి పథ్యం

అచ్యుతరామరాజుగారికి నెయ్యి పిచ్చి. భార్య బుజ్జమ్మ పక్కన భోజనానికి కూర్చుంటే చాలు, పప్పన్నం మధ్య గుంట తీసి నెయ్యి నింపేవారు. పెసరట్టు మీద నెయ్యి. ఉప్మాలో నెయ్యి. భీమవరం పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళు తిరగలేక గిన్నె ఆయన విస్తరి దగ్గరే దింపేసి పోయేవారు. పులస పులుసులో నెయ్యి వేసుకున్ననాడు మాత్రం చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు ఆయనతో మాటలు మానేశారు.

రాజమండ్రి ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. పెళ్ళయిన కొత్తలో బుజ్జమ్మ నెయ్యి వడ్డించబోతే, లావైపోతానని చెయ్యి అడ్డం పెట్టేవారు. ఆ నియమం ఆమె జబ్బు పడగానే గాలికెగిరిపోయింది. పెళ్ళాం మంచం పడితే మొగుడికి ఆకలి పెరిగిందని జనం నవ్వుకున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బుజ్జమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

ఆమె కాలేయంలో నీటితిత్తులు లేచాయి. కాకినాడ డాక్టరు ఇచ్చిన మాత్ర నీళ్ళలో సరిగ్గా కరగదు. కొవ్వు తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. బుజ్జమ్మకేమో నెయ్యి వాసనకే కడుపులో తిప్పేది. మొదటిరోజు కంచం తోసేసింది. రాజుగారు తన అన్నంలో ఇంత నెయ్యి ఒంపుకుని, కళ్ళు మూసుకుని తిన్నారు. అంత ఇష్టంగా తింటున్న మనిషి ముందు మొండికేయడం బాగుండదని ఆమె కూడా నాలుగు ముద్దలు మింగింది. అలా నెలలు గడిచాయి.

కాలేజీలో ఆయన, శిష్యురాలు హరిచందన కలిసి ఆ మందునే కరిగిన కొవ్వులో కలిపి, కంటికి కనపడనంత సన్నటి కణాలుగా చేయబోయారు. అది కుదిరితే మాత్రతోపాటు రోగి నెయ్యి తినక్కర్లేదు. మొదట్లో అంతా పేరుకుపోయి వెన్నముద్దయింది. చివరికి పాలలా తెల్లగా నిలిచింది. ఆ సంగతి విని బుజ్జమ్మ, అదేదో తనకే ఇమ్మని ఏడ్చింది.

"ఎలకల మీదే ఇంకా పూర్తవలేదు బుజ్జీ. నీ మీద ప్రయోగం చేయమంటే నా వల్ల కాదు. ఇంకొన్నాళ్ళు నాతోపాటు తిను."

తిన్నది. తిత్తులు ఎండిపోయాయని స్కానింగులో తేలింది. ఆ వారంలోనే, క్లాసు చెబుతూ చెబుతూ రాజుగారు కుప్పకూలిపోయారు. నెయ్యే చంపిందన్నారు ఊళ్ళో. చిన్ననాటి జ్వరంతో చెడిన గుండె కవాటం వల్లేనని డాక్టరు చెప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే బుజ్జమ్మ ఆ మాట మోయలేకపోయేది.

దినం నాడు ఆయన పేరిట విస్తరి వేసి, అందరూ పోటీపడి నెయ్యి పోశారు. ఆయన అక్క మహాలక్ష్మమ్మ అది చూసి బిత్తరపోయింది.

"వీడికి నెయ్యేంటి? చిన్నప్పుడు నెయ్యి గరిటె కనబడితే బంతిలోంచి లేచి పారిపోయేవాడు. మా అమ్మ కొట్టినా ముట్టేవాడు కాదు. ఆ వాసనే పడదు వాడికి."

ముసలావిడ మతి తప్పి మాట్లాడుతోందనుకున్నారు. ఓ పక్కన నిలబడ్డ హరిచందన నెమ్మదిగా అంది. "కాలేజీలో సార్ క్యారేజీలో నెయ్యి నేనెప్పుడూ చూళ్ళేదండీ."

బుజ్జమ్మ ఆ విస్తరికేసి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని తినేది రుచికి కాదన్నమాట. తన మందుల కోర్సు అయిపోయాక కూడా, వెంటనే మానేస్తే దొరికిపోతాననేమో, ఇంకో నాలుగు రోజులు తిన్నారు. అది తలుచుకునేసరికి ఇన్నాళ్ళకి ఆమెకు నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంది.

"వదినగారూ, ఆ విస్తరి తీయించి వేరేది వేయించండి. నా మందులు అయిపోయాయి కదండీ. ఇంక ఆయన తినక్కర్లేదు."