చెప్పకుండా లేచివచ్చిన ఇల్లు: దారెస్సలాం నుంచి ముఫిండి తేయాకు కొండల దాకా

ఈ ఏడాది జనవరిలో నేను కోవిడ్‌తో ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో పదకొండు రోజులు పడుకున్నాను. ఆఫీసు డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో, అక్కడి రెంట్లు భరించలేక కాపురం పోర్ట్‌లీష్‌లో. ఇంట్లోంచే పని చేసుకునే దాన్ని, అది ఎక్కడ తగులుకుందో నాకే తెలీదు. మా ఆయన మురళిని లోపలికి రానివ్వలేదు కాబట్టి, ఆ పదకొండు రోజులూ నాకు దిక్కు రహేమా అనే నర్సు. టాంజానియా మనిషి, పన్నెండేళ్ళుగా ఇక్కడే పని చేస్తోంది. రెండు జతల గ్లవ్స్ వేసుకుని, అట్టకట్టిన నా జుట్టు చిక్కు తీసి రెండు జడలు అల్లింది. "జడ వేసుకున్న మనిషి సగం కోలుకున్నట్టే" అంది. దానికి ముందురోజే వాళ్ళ ఊళ్ళో ఆవిడ అన్న దౌది అదే జబ్బుతో పోయాడని నేను ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

సెప్టెంబర్‌లో ఓ సాయంత్రం మా వంటింట్లో టీ తాగుతూ మిగతాది చెప్పింది. అన్న పోయిన కబురు రాగానే ఈవిడ నర్సు బుద్ధితో వదినకి ఫోన్ చేసి, "జనాన్ని రానివ్వకు, శవాన్ని ముట్టుకోనివ్వకు, పదిమందితో కానిచ్చెయ్యి" అందట. వదిన అలాగే చేసింది. ఊరు ఊరంతా కదిలి రావలసిన చావు గుట్టుగా జరిగిపోయింది. ఆ రోజు నుంచి వదిన ఈవిడతో మాట్లాడలేదు. ఫోన్ పిల్లలు ఎత్తుతారు, తను రాదు. "విమానాలు తిరుగుతున్నాయి, సెలవు కూడా ఉంది. కానీ వదిన పిలవకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అంది రహేమా. నేను అప్పటికప్పుడే "నేను వెళ్ళి చూసొస్తాను" అనేశాను. మురళి "సింహాలు కూడా ఉంటాయిగా, పద" అన్నాడు. రహేమా ఒక ఉన్ని శాలువా ఇచ్చి, "కోపంగా ఉందో లేదో చూడు, అంతే చాలు" అంది.

అక్టోబర్ చివర బయల్దేరాం. డబ్లిన్ నుంచి దారెస్సలాంకి ఒక చోట విమానం మారాలి, మనిషికి ఏడువందల యాభై యూరోలు అయింది. ఎక్కేముందు పీసీఆర్, దిగాక మళ్ళీ ర్యాపిడ్ టెస్ట్. వరసలో నిలబడే ఓపిక వెంట తెచ్చుకోండి. దారెస్సలాం నుంచి, రహేమా వాళ్ళ ముఫిండికి దారిలో పడే ఇరింగాకి బస్సులున్నాయి, ముప్ఫై వేల షిల్లింగులు, అంటే పన్నెండు యూరోల లోపే. మేం మాత్రం ముఫిండి లోపలి మట్టిరోడ్ల భయంతో డ్రైవర్‌తో కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ పేరు జుమా, యాభై దాటిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. అక్కడ పెద్దవాళ్ళని ఉత్త పేరుతో పిలవకూడదని రహేమా చెప్పింది కాబట్టి "కాకా జుమా" అన్నాం. అంటే జుమా అన్నయ్య. నన్ను ఆయన "మామా" అన్నాడు. అక్కడ ఆడవాళ్ళందరూ అమ్మలే.

పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరితే ఎనిమిదింటి దాకా సముద్రపు ఉక్క వదల్లేదు. తర్వాత మొరొగోరో దగ్గర పచ్చటి కొండలు ఎదురొచ్చాయి. పదిన్నరకి రోడ్డు మికుమి అభయారణ్యం మధ్యలోంచే వెళ్ళింది. టికెట్టు లేదు, గైడు లేడు, లారీల పక్కనే జిరాఫీలు మేస్తున్నాయి. మురళి కిటికీలోంచి నడుం దాకా బయటికి వాలాడు. "లోపలికి రండి సార్, ఇక్కడ వేగానికి జరిమానా ఉంది, తల పోతే పరిహారం లేదు" అన్నాడు జుమా. అడవి దాటాక మికుమి ఊళ్ళో భోజనానికి ఆగాం. అక్కడ తెల్ల మొక్కజొన్న పిండితో చేసేది ఉగాలి, చేత్తో ముద్ద చేసుకుని తినాలి. మన సంకటికి సొంత తోబుట్టువు. పక్కన ఆకుకూర చూసి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను, అచ్చం మన తోటకూర! కొబ్బరిపాలు పోసి వండారు. వంటావిడని కారం అడిగితే రెండు పచ్చి మిరపకాయలు తెచ్చి పెట్టింది, నేను కొరుక్కు తింటుంటే చూడడానికి ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చింది. "మీ దేశంలో అందరూ ఇంతేనా?" అంది. మా జిల్లా గుంటూరు అని ఆవిడకెలా చెప్పను!

ఆ తర్వాత ఎండిపోయిన లోయ నిండా బావోబాబ్ చెట్లు, ఆకు లేకుండా, ఒళ్ళు చేసిన పెద్దమనుషుల్లా నిలబడి ఉన్నాయి. లోయ చివర కిటొంగా ఘాట్ రోడ్డు మీద లారీలు నత్తనడక నడుస్తున్నాయి, అక్కడ గంట పోయింది. పైకెక్కగానే వాతావరణం మారిపోయింది. నాలుగింటికి ఇరింగాలో దిగేసరికి ఐర్లండ్‌లో వాడే స్వెట్టరే మళ్ళీ వేసుకోవాల్సొచ్చింది. ఒక్క పగట్లో సముద్రం, అడవి, ఎడారిలాంటి లోయ, చలికొండలు చూసిన ప్రయాణం నాకిదే.

మర్నాడు ఏడింటికి బయల్దేరి మాఫింగా మీదుగా ముఫిండి చేరాం, రెండున్నర గంటలు. జామాయిల్ తోటలు అయిపోగానే కనుచూపు మేర తేయాకు, పైన పొగమంచు. రహేమా వదినని అందరూ మామా నీమా అంటారు, అంటే నీమా వాళ్ళమ్మ. నలభై ఐదేళ్ళుంటాయి. మమ్మల్ని లోపల చాప మీద కూర్చోబెట్టి అల్లం టీ, ఉడికించిన వేరుశనక్కాయలు పెట్టింది. ఆవిడ బావగారు, దౌదికి అన్న, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని మేమున్నంతసేపూ కదల్లేదు. మేం మా విచారం చెప్పాం, జుమా వాళ్ళ భాషలోకి మార్చాడు. శాలువా అందుకుని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఐర్లండ్‌లో చలెంత, వాన ఎన్నాళ్ళు, ఇవే అడిగింది. రహేమా పేరు నోట రాలేదు. ముప్పావుగంట అలా గడిచాక నాకు అర్థమైపోయింది, కోపం పోలేదు. ఈ మాట వెళ్ళి రహేమాకి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇంతలో ఆవిడ పెరట్లోకి వెళ్ళింది. జుమా కారు తిప్పడానికి బయటికెళ్ళాడు. నేను మురళికి సైగ చేశాను. చావింట్లో పరామర్శకి వెళ్ళినప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు, మళ్ళీ అలాంటి పనికే రావలసి వస్తుందని మా అమ్మమ్మ ఘోషించేది. ఎన్నో ఇళ్ళలో చేసినట్టే చడీచప్పుడు లేకుండా లేచి, గుమ్మం దగ్గరి పెద్దాయనకి తల వంచి, వెళ్ళి కారెక్కాం. "చెప్పారా?" అన్నాడు జుమా. "మాలో చెప్పరు" అన్నాను. ఆయన నావైపు వింతగా చూశాడు గానీ కారు కదిలించాడు.

అర కిలోమీటరు పోయామో లేదో అద్దంలోకి చూసి బ్రేకు వేశాడు. వెనక మట్టిరోడ్డు మీద మామా నీమా చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తోంది. నేను దిగేసరికి ఆయాసంతో వంగిపోయింది. "నా ఇంట్లో ఏం తప్పు జరిగింది? చెప్పకుండా లేచిపోయారెందుకు?" అంది. జుమా ద్వారా మా అమ్మమ్మ సంగతంతా చెప్పాను. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. అంతా విని మామా నీమా ఒక్కసారిగా నవ్వేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ అతిథిని దారి దాకా సాగనంపకపోతే తిట్టి పంపినట్టు. నడువు, చెల్లీ" అంది.

తేయాకు మధ్య నడిచాం, పక్కన అనువాదానికి జుమా, కారు తోలుకుంటూ వెనకాల మురళి. ఇల్లు కనబడకుండా పోయాక మొదలుపెట్టింది.

"నా మొగుణ్ణి పదకొండుమందితో పూడ్చాను. ఆ రోజు రహేమా ఎదురుగా ఉంటే కొట్టేదాన్ని. నెల తర్వాత అవతలి కొండ మీద ఇంకో చావు. వాళ్ళు అందర్నీ పిలిచారు, అందరూ వెళ్ళారు. ఆ తర్వాత ఆ వాడలో ఇంకో మూడు గుంతలు తవ్వారు. నేనూ నా నలుగురు పిల్లలూ ఇవాళ ఉన్నామంటే అది రహేమా చలవ. ఇంట్లో ఈ మాట అనలేను, తమ్ముణ్ణి దిక్కులేనివాడిలా పంపించిందని బావగారు ఇప్పటికీ రగులుతున్నాడు. మొదట కోపంతో మాట్లాడలేదు. తర్వాత కోపం పోయి సిగ్గు మిగిలింది. ఇన్ని నెలలయ్యాక ఎక్కడ మొదలుపెట్టను?"

నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని అనిపించనూ లేదు. దారి మిట్ట మీదికి చేరేసరికి నా ఫోన్‌లో సిగ్నల్ వచ్చింది. అడగకుండానే రహేమాకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున తొమ్మిది, నైట్ డ్యూటీ చేసి వచ్చి యూనిఫాంలోనే ఉంది. "గ్రాండ్‌గా ఉన్నారా అంతా?" అంటూ ఎత్తింది, ఐర్లండ్‌లో బాగున్నారా అనడం అలాగే. నేను ఫోన్ మామా నీమా చేతికిచ్చాను. మామా నీమా అడిగిన మొదటి ప్రశ్న జుమా నాకు మెల్లగా చెప్పాడు: "ఎప్పుడొస్తున్నావు?"

నాకు జడ వేసిన చేతులకి నేనేం చేసినా తక్కువే. పైగా ఇక్కడ నేను చేసిందల్లా మర్యాద తెలియక పొరపాటు చెయ్యడమే, మిగతాదంతా చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తిన ఆ మనిషి మంచితనం. అయినా ఆ పొద్దుటికి నేను అక్కడ ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. రహేమా డిసెంబర్‌కి టికెట్ కొనుక్కుంది. మీరు ఆ వైపు వెళ్ళి ఎవరింట్లోనైనా అతిథిగా దిగితే నాదొకటే సలహా. బయల్దేరాక ఇంకో గంట చేతిలో ఉంచుకోండి, కారుని ముందు పంపించెయ్యండి, ఇంటివాళ్ళతో కలిసి నడవండి. అసలు మాట వాళ్ళు అప్పుడు చెబుతారు.