మా మాస్టర్ భయస్థుడని రాశాను

మా మాస్టర్ పోయారని మొన్న ఆయన కూతురు చైనా నుంచి ఫోన్ చేసి చెప్పింది. కువైట్‌లోని సాల్మియాలో మేం పనిచేసే చైనా హోటల్లో ఆయన పెద్ద వంటమనిషి, నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. సెలవుకు ఇంటికెళ్ళిన మనిషి నిద్రలోనే పోయారట. తర్వాత ఆమె అన్న మాటకు బెదిరిపోయాను.

వాళ్ళ వైపు చివరి చూపుల దగ్గర, పోయినవాళ్ళ జీవితం రాసి అందరి ముందూ చదువుతారట. "కువైట్ సంగతులు మాకు తెలియవు. నువ్వు రాసి పంపు, మా భాషలోకి మార్చి చదువుతాను. మంచిగా రాయి," అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

మీరే చెప్పండి, ఒక మనిషి బతుకు మీ చేతికిస్తే భయం వేయదా? నేను తప్పు రాస్తే దిద్దేవాళ్ళు లేరు. ఆ తప్పే ఆయనైపోతుంది.

అసలు చిక్కేమిటంటే మాస్టర్ మహా పిరికివాడు. మంట ఎగదోసి బాణలి ఆడించే మనిషి, హోటల్ మూశాక గ్యాస్ కట్టామో లేదోనని సగం దారిలోంచి వెనక్కొచ్చేవారు. పోలీసు కనిపిస్తే జేబులో ఇఖామా, అదే మా నివాసపు కార్డు, తడుముకునేవారు. మేం ఏడిపిస్తే నవ్వి, "నాకు భయముంది కాబట్టే నీకు కనుబొమ్మలు కాలకుండా ఉన్నాయి," అనేవారు.

ఒకసారి పొయ్యి దగ్గర గ్యాస్ పైపు అంటుకుంది. నన్ను బయటికి నెట్టి, ఆయన లోపలికెళ్ళి గ్యాస్ కట్టేశారు. వచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నారు. ఎంత ధైర్యం మాస్టర్ అన్నాను. కోప్పడ్డారు.

"చచ్చేంత భయపడ్డాను. ఎవరికి చెప్పినా అలాగే చెప్పు."

పూర్వం వాళ్ళ దేశంలో కొందరు చదువుకున్నవాళ్ళు, తమ సమాధి రాతను బతికుండగానే తామే రాసుకునేవారని అప్పుడే చెప్పారు. తమ వెర్రితనాలు కూడా దాచకుండా రాసేవారట. "పిల్లలు రాస్తే దేవుణ్ణి చేసేస్తారు. నేనే రాసుకుందామంటే, రాయగానే చావొస్తుందేమోనని భయం," అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. నా గదిలో ఉండే జగిత్యాల అన్నకు ఈ సంగతి చెప్పాను.

"పిరికోడని రాస్తరార ఎవలన్న? ధైర్యంగల్ల మనిషి అని రాయి, ఖలాస్."

"అబద్ధం రాస్తే ఆయప్ప కల్లోకొచ్చి అడుగుతాడన్నా."

"నిజం రాస్తే ఆయిన బిడ్డ ఊకుంటదా?"

అయినా రాశాను. 'మా మాస్టర్ చాలా భయస్థుడు. వణుకుతూనే మంటలోకెళ్ళి మమ్మల్ని బతికించారు.' పంపాక నిమిషానికోసారి ఫోన్ చూసుకున్నాను. కూతురు చూసింది, బదులివ్వలేదు.

ఈ ఉదయం ఆమె వీడియో కాల్‌లో నన్నూ కలిపింది. తెల్లపూల మధ్య మాస్టర్ ఫోటో, ముందు వరుసలో ఆయన భార్య. కూతురు కాగితం చూసి చదువుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నా మాట అయిపోయిందో, రాబోతోందో, తీసేసిందో తెలియదు. నమ్మి అడిగిన పిల్లతో, నలుగురిలో తండ్రి పరువు నేనే తీయిస్తున్నానేమోనని కాల్ కట్ చేయబోయి ఆగాను. అక్కడ ఎవరూ కదలడం లేదు.

కూతురు ఒకచోట ఆగింది. తల్లి వైపు చూసి, నెమ్మదిగా ఒక వాక్యం చదివింది.

మాస్టర్ భార్య ఫోటో వైపు తలతిప్పి, ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.