యాడ్‌లు చూస్తేనే మబ్బు చూపిస్తడట!

మొన్న మా కల్లంల ఏమైందో చెప్త, నవ్వుకుంటె నవ్వుకోండ్రి. గప్పుడైతె నాకు చెమటలు పట్టినయి!

ఉడకబెట్టిన పసుపు ఆరబోసినం. పొద్దుమూకే యాళ్లకు ముప్కాల్ ఊరి దిక్కు మబ్బు నల్లగ కమ్మింది. ఒక్క వాన తగిలిందా, కొమ్ము రంగు పోతది, మార్కెట్ల ఎవ్వడూ ముట్టడు. తొమ్మిది నెలల కష్టం గంగల కలిసినట్టే.

"కుప్ప చేసి కప్పుదాం పాండ్రి," అన్నది నా భార్య సునీత. సాయానికి మాక్లూర్ నుంచి వచ్చిన వాళ్లన్న, మా బావ, అప్పుడే పార పట్టిండు.

నేను ఊకుంటనా? "ఆగుండ్రి! కుప్ప చేసుడు, మళ్ల పరుసుడు, ఎందుకీ తిప్పలు? వాన మన దిక్కు వస్తదో రాదో ఫోన్ల రాడార్ చూస్త," అన్న. పక్కన మెత్తగ ఏదో మడతపెట్టి ఉంటె దాని మీద కూసొని వాతావరణం సైట్ తెరిచిన.

తెర నిండా ఒకటే డబ్బా: "మీరు యాడ్ బ్లాకర్ వాడుతున్నారు. ఆపితేనే పేజీ కనిపిస్తుంది."

తిక్క లేసింది నాకు. యాడ్‌ల పోరు పడలేకనే గా బ్లాకర్ పెట్టుకున్న. నా ఫోన్ల నాకే షరతులా? ఇంకో సైట్‌కు పోయిన. గదీ గదే మాట! గింతల గాలి లేసింది. కల్లం పొంటి దుమ్ము సుడి తిరుగుతున్నది.

"ఏమంటది నీ ఫోన్?" సునీత పసుపు గుంజుకుంటనే అరిచింది.

"బతిమాలించుకుంటున్నది! ఒక్క నిమిషం!"

ఆపుదామంటె సెట్టింగ్ ఏడున్నదో యాదికొస్తలేదు. పెట్టిన రోజు మాత్రం మస్తు హుషారుగ వాడకట్టంత చూపించుకున్న. దొరికిందల్లా ఒత్తిన. ఎట్లనో ఆపిన. మ్యాప్ జర కనబడ్డది, గంతలనె దాని మీద పెద్ద యాడ్! దేనిదనుకున్నరు? టార్పాలిన్‌లది! నీలంది, పచ్చది, నవ్వుకుంట నిలబడ్డ రైతు. మూసే గుర్తు యాడ దాచిండ్రో, ఎంత ఒత్తినా పోదు.

మొదటి చినుకు ఆ రైతు మొఖం మీదనే పడ్డది.

"అరే, టార్పాలిన్ ఏది? పొద్దుగాల ఈడనే పెట్టిన గదా!" బావ ట్రాక్టర్ కింద, బోరు కాడ దేవులాడుతుండు.

నేను తల ఎత్తకుండనె, "నా కండ్ల ముందు నుంచి పోతనే లేదు బావా!" అని మొత్తుకున్న.

సునీత ఉరికొచ్చి నా రెక్క పట్టి గుంజింది. "లే ముందు! దాని మీదనే కూసున్నవు గదయ్యా!"

చూస్తె నిజమే. ముగ్గురం గాలితోని కొట్లాడి కప్పేసరికి ఓ మూల తడువనే తడిసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలే. దేవుని దయ, మర్నాడు ఎండ గట్టిగ కొట్టింది, రంగు పోలే.

"టార్పాలిన్, టార్పాలిన్ అని గా ఫోన్ నెత్తి కొట్టుకుంటుంటె, నువ్వేమో దాని నోరు మూయ చూస్తివి," అని బావ ఇప్పటికీ ఆగమాగం నవ్వుతడు.

గిప్పుడు మబ్బు పట్టిందంటె సునీత టార్పాలిన్ కోసం దేవులాడదు. ముందుగాల నేనేడ కూసున్ననో చూస్తది.