ఎడపల్లి మలుపు, కొత్త స్టెబిలైజరు

పోయిన ఏడు ఎడపల్లి దాటాక వచ్చే మలుపులో వడ్ల ట్రాక్టరు ఎదురైంది. నేను స్టీరింగు గట్టిగా తిప్పేసరికి కారు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పక్కన కూర్చున్న మా అక్క ఆ రోజు నుంచి నా కారెక్కలేదు. అంతకు ముందు లింబాద్రి గుట్టకైనా కందకుర్తికైనా ఇద్దరం కలిసే తిరిగేవాళ్లం. ఆమె లేకుండా ఎక్కడికి పోయినా నాకు మనసున పట్టలేదు. అందుకే కారు కింది సామాను మార్పించాలని బోధన్‌లో ఉండే సలీం భాయ్ అనే మెకానిక్‌కు ఫోన్ చేశాను.

గురువారం ఎనిమిదిన్నరకు నిజామాబాద్ నుంచి బయలుదేరాను. పని కళ్లారా చూస్తే భయం పోతుందని అక్కనూ ముందే ఫోన్ చేసి రమ్మన్నాను. వస్తానంది, కానీ బస్సులో. "ఆడోళ్లకు బస్సుల జీరో టికెట్ ఉండంగ నీ ఊగే బండి నాకెందుకు?" అంది. మహాతల్లి! దారికి ఇరువైపులా వరి, అక్కడక్కడ పసుపు, బోధన్ దగ్గరవుతుంటే చెరకు. ప్రతి గుంతలోకీ దిగి లేచి కారు మళ్లీ ఊగింది.

సలీం భాయ్ షెడ్డులో నేను రెండో చాయ్ తాగుతుండగా అక్క వచ్చింది. చేతిలో బరువైన సంచి. అందులోంచి తెల్ల డబ్బా తీసి సలీం భాయ్ ముందర పెట్టింది. అది వాళ్లింట్లో ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజరు!

"ఏందక్కా ఇది?"

"ఫోన్ల నువ్వే అన్నవ్ గదనే, స్టెబిలైజర్ మార్చాలె అని. మాది మంచిగనే ఉంది, కొత్తదెందుకు?"

నవ్వాపుకోలేకపోయాను. సలీం భాయ్ మాత్రం నవ్వలేదు. కారు కిందికి వంగి, ముందు చక్రాలు రెండింటినీ కలుపుతున్న ఇనుప కడ్డీ చూపించాడు. "దీన్ని గూడ స్టెబిలైజరే అంటం అక్కా. బండి ఒక దిక్కు వంగితే గిది గుంజి పట్టుకుంటది. సన్నగుంది, మోటది వేస్త. షాకప్‌లు, స్ప్రింగులు గూడ కొత్తయి. ఫికర్ చేయకుండ్రి."

"రెండిటికీ ఒక్కటే పేరెందుకు పెట్టిండ్రు మరి?" అని అక్క కసురుకుంది.

బస్సులో సీటు దొరకలేదట. ఆ డబ్బా పట్టుకుని బోధన్ దాకా నిలబడే వచ్చింది. నా కారు బాగుపడాలని ఆమెకూ అంత ఆశ ఉందని నాకప్పుడే తెలిసింది. దుఃఖమొచ్చింది, నొప్పులున్న ఆ మోకాళ్లతో అంత బరువు మోసినందుకు కోపమూ వచ్చింది.

అక్క తెచ్చిన రొట్టెలు షెడ్డులోనే తిన్నాం. మూడు దాటాక, చక్రాలు సరిచూసి బండి నా చేతికిచ్చారు. ఈ పనికి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: పొద్దున్నే పోవాలి, లేకుంటే పని తెమలదు. కొత్త స్ప్రింగుల మీద చిన్న రాయి కూడా నడుముకు తెలుస్తుంది. మలుపుల్లో మాత్రం బండి చెప్పినట్టు వింటుంది.

అక్క చాలాసేపు కారు చుట్టూ తిరిగి, చివరికి వెనక సీట్లో కూర్చుంది. "మలుపు రాకముందే చెప్పు. దిగి నడుస్త," అంది. సరేనన్నాను. ఆ తర్వాత కళ్లు మూసుకుని, నడుము విరుగుతోందని నన్నూ రోడ్డునూ తిడుతూనే ఉంది. ఆ తిట్లు విని ఏడాదైంది, హాయిగా ఉంది. మలుపు వచ్చింది. ఎదురుగా లారీ. కారు ఒరగలేదు.

"ఇంక రాలేదా మలుపు?"

"దాటినం అక్కా."

అక్క కళ్లు తెరిచి వెనక్కి తిరిగి చూసింది. కాసేపటికి, "బండి ఆపు," అంది. ఇక బస్సే అనుకున్నాను. పక్కకు తీసి ఆపాను. అక్క దిగింది, తలుపు ధడేల్మని వేసింది, ముందుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"పోనియ్ ఇగ. గింత మెల్లగ నడుపుతవేందే?"