ఆకుపచ్చ స్తంభం దగ్గర బ్రేకు

ఆవిడ బస్సు సీట్లు కుడుతుంది. బస్సులకి బాడీలు కట్టే షెడ్డులో, రేకుల కప్పు కింద, పెద్ద మెషీను ముందు ఇరవై ఆరేళ్ళుగా అదే స్టూలు, దాని మీద అదే అణిగిపోయిన దిండు. ఒళ్ళో రెక్సిన్ పరుచుకుని కూర్చుందంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తదు. ఈ మనిషి ఆదివారం వస్తే గాల్లో చేతులెత్తి కేకలు పెడుతుందని అక్కడ ఎవరికైనా చెబితే నమ్మరు.

పెడుతుంది. ఊరవతల వినోదాల పార్కు ఒకటుంది. ఎండాకాలం మొదట్లో తెరుచుకుని, వానలు పడగానే తార్పాలిన్లు కప్పుకుని పడుకుంటుంది. ఆ నాలుగు నెలలూ ఆవిడకి కాళ్ళు ఇంట్లో నిలవవు. అక్కడున్న ఒక్కో దాని మీదా ఆవిడకి ఒక్కో అభిప్రాయం. జెయింట్ వీల్ పెద్దమనిషి, తొందరపెట్టదు. తిరిగే కప్పులు కడుపుకి తెలుస్తాయి తప్ప మనసుకి తెలియవు. ఊగే ఓడ చెప్పిన మాటే పదిసార్లు చెప్పే చుట్టంలాంటిది, మూడోసారికి ఆవలింత వస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, కొండరైలు ఒక ఎత్తు.

కొండరైలు పూర్తిగా చెక్కతో కట్టింది. నాలుగు ఎత్తులు, నాలుగు దిగుళ్ళు, మూడు పెట్టెలు, ముప్ఫై మంది. మోకు మొదటి ఎత్తు మీదికి లాగి వదిలేస్తుంది, ఆపైన అంతా దాని బరువు మీద అదే పరిగెడుతుంది. పట్టాల మీద ఎక్కడా బ్రేకు లేదు. బ్రేకు మనిషి దగ్గరుంటుంది. మొదటి పెట్టె వెనకాల చిన్న మెట్టు మీద ఒకాయన నిలబడి, ప్రయాణికులతోపాటే వెళుతూ, ఎక్కడ పట్టాలో అక్కడ లివరు లాగుతాడు. ఎక్కువ లాగితే రైలు తరవాతి కొండ ఎక్కదు. తక్కువ లాగితే మలుపులో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు.

ఆ రైల్లో ఆవిడ ఇరవై మూడు సీజన్లుగా ఎక్కుతోంది, ఎప్పుడూ చివరి సీటే. చివరి సీటు ఖాళీ లేకపోతే రైలు వదిలేసి తరవాతి దాని కోసం నిలబడుతుంది తప్ప ఇంకో సీటు ముట్టదు. కారణం అడిగితే ఓపిగ్గా చెబుతుంది: ముందు పెట్టె కొండ మీద మెల్లగా తొంగి చూస్తుంది, వెనక పెట్టెకి చూసే వ్యవధి ఉండదు, మెడ పట్టుకుని లాగినట్టు లాగేస్తారు, మజా అంతా అందులోనే ఉంది. పార్కులో అందరూ ఆవిడని చివరిసీటక్క అంటారు. ఆవిడ సంచీలో ఒక పుస్తకం ఉంటుంది. ఏ ఎత్తు దగ్గర గాలి ఎటు కొట్టింది, సాయంత్రం పట్టాలు వేడెక్కాక ఎంత జోరు పెరిగింది, బ్రేకు ఎక్కడ కిర్రుమంది, అన్నీ అందులో రాసుకుంటుంది.

మొగుడు మందుల షాపులో పనిచేస్తాడు. ఉయ్యాల చూసినా కళ్ళు తిరిగే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పోరు పడలేక చెక్క గుర్రాల మీద ఒక్కసారి తిరిగాడు. మర్నాడు సాయంత్రం దాకా మంచం దిగలేదు. అప్పట్నించీ ఆవిడ సంచీలో వాంతుల మాత్రలు పెట్టడం వరకే ఆయన పాత్ర. ఆవిడకి ఇంతవరకు ఒక్కటీ అవసరపడలేదు, అయినా పెడతాడు.

ఈ ఏడాది తెరవడానికి పదిరోజుల ముందు, అలవాటు ప్రకారం, వడ్రంగులు కొండరైలు సరిచేస్తుంటే చూడ్డానికి వెళ్ళింది. బ్రేకు పెద్దాయన కింద బల్ల మీద కూర్చుని కుడి భుజానికి తైలం రాసుకుంటున్నాడు.

"ఏం బాబాయ్, ఈ భుజమేనా పోయినేడు కూడా?"

"పోయినేడు నొప్పి పుట్టింది. ఈ ఏడు అసలు లేవనంటోంది. నా పని అయిపోయిందే అమ్మాయ్."

పక్కనే మేనేజరు ఫోను చూసుకుంటున్నాడు. ముప్ఫై దాటని మనిషి. తల ఎత్తకుండానే అన్నాడు. "ఇద్దరొచ్చారు ఆంటీ ఈ పనికి. మొదటి దిగుడు చూసి ఇద్దరూ దణ్ణం పెట్టి పోయారు. ఈ సీజన్‌కి ఇది మూసేస్తున్నాం."

"ఆంటీ కాదు, అక్క. మూస్తే వచ్చే ఏడు తెరుస్తారా?"

మేనేజరు ఫోను మీద వేలు జరిపాడు. జవాబు పెద్దాయన చెప్పాడు. "నడవని చెక్క ఒక్క వానకి వంకర తిరుగుతుంది. ఇంకెవడు తెరుస్తాడు? విప్పి వంటచెరకు చేస్తారు."

ఆవిడ పైకి చూసింది. మూడో కొండ మీద ఒక వడ్రంగి సుత్తితో ఒక్కో దూలాన్నీ తట్టి చెవి పెట్టి వింటున్నాడు. "నేను పడతాను బ్రేకు," అంది.

మేనేజరు ఈసారి తల ఎత్తాడు. "ఎక్కడం వేరు, నడపడం వేరు అక్కా."

"ఎక్కిన వాళ్ళల్లో నాకంటే ఎక్కువ ఎక్కినవాళ్ళెవరో చెప్పు, నోరు మూసుకుంటాను."

మేనేజరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులో పని నాలుగింటికి దిగుతుంది, పార్కు ఐదింటికి మొదలవుతుంది, ఆదివారం ఎలాగూ సెలవే. లెక్క కుదిరింది. వడ్రంగులు పట్టాలు అప్పగించేది శుక్రవారం. ఆ రోజు ఇసక బస్తాలేసి నడిపి చూడాలి. శనివారం సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆదివారం తెరవాలి. సంతకం పడకపోతే కొండరైలు కథ అక్కడితో సరి.

ఆ వారమంతా పెద్దాయన సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పబోయాడు. చెప్పనిస్తే కదా.

"రెండో కొండ దాటాక చూడు, అక్కడ..."

"తెలుసు బాబాయ్. ఆకుపచ్చ స్తంభం దగ్గర."

"ఏ స్తంభం?"

"అదే, లైటు స్తంభం. మీరు ఇరవై మూడేళ్ళుగా అక్కడే బ్రేకు పడుతున్నారు. నా దగ్గర రాసుంది."

"రాసుంటే సరే," అని పెద్దాయన తైలం సీసా మూత బిగించుకున్నాడు. ఆయనది అడిగినవాళ్ళకి చెప్పే గుణం, అడగనివాళ్ళ వెంటపడే గుణం కాదు.

శుక్రవారం పెట్టెల్లో ఇరవై ఎనిమిది ఇసక బస్తాలు కూర్చున్నాయి. మొదటి పెట్టెలో చివరి వరసలో, ఆవిడకి సరిగ్గా ముందు, పెద్దాయన కూర్చున్నాడు. మొగుడు కూడా వచ్చాడు. గేటు దగ్గర, రైలుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

మోకు వదిలింది. మొదటి దిగుడు బ్రహ్మాండంగా దిగింది. రెండో కొండ ఎక్కింది. ఆకుపచ్చ స్తంభం వచ్చింది. ఆవిడ లివరు లాగింది, పుస్తకంలో రాసుకున్నట్టు, అంగుళం తేడా లేకుండా.

రైలు ఉసూరుమంది. వెనకనుంచి రావలసిన తోపు రాలేదు. మలుపులో నీరసంగా తిరిగి, మూడో కొండ సగం దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి జారింది. రెండు కొండల మధ్య పల్లంలో కాసేపు అటూ ఇటూ ఊగి ఆగిపోయింది.

పెద్దాయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "తొందరపడ్డావ్."

"లేదు బాబాయ్. సరిగ్గా స్తంభం దగ్గరే పట్టాను."

"నువ్వు ఎక్కడ పట్టావో నాకు తెలీదు. తొందరపడ్డావని మాత్రం రైలు చెప్పింది. నా జన్మలో నేనా స్తంభం చూళ్ళేదమ్మాయ్."

ఎత్తు మోకు ఆ పల్లం దాకా రాదు, మనుషులే లాగాలి, బరువుంటే కదలదు. బస్తాలన్నీ దింపి, పక్కనున్న చెక్క మెట్ల మీదుగా కిందికి మోసి, ఖాళీ పెట్టెలకి తాడు కట్టి లాగేసరికి రెండు గంటలు పట్టింది. పదకొండు బస్తాలు ఆవిడే మోసింది. వద్దన్నా వినలేదు. మేనేజరు ముఖం ముడుచుకుని, "భయపడ్డారు అక్కా, తప్పులేదు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"రేపు పొద్దున ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు పెద్దాయన మేనేజరుతో. "సాయంత్రం దాకా ఎలాగూ ఇన్‌స్పెక్టరు రాడు. ఈలోగా నువ్వు చేసేదేముంది, ఫోను చూసుకోవడమేగా."

ఇంటికి బస్సెక్కారు మొగుడూ పెళ్ళాం. ఎక్కాక ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోవడం వాళ్ళకి మామూలే. కడుపులో తిప్పకుండా ఆయన డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటాడు. ఆవిడ ఎదురుగా ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నా వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంటుంది. ఈసారి కిటికీలోంచి చూడబుద్ధి కూడా కాలేదు. చూపు ముందుకి పెట్టి కూర్చుంది.

స్పీడు బ్రేకరు వచ్చింది. ముందు సీట్లో మొగుడి బట్టతల ఒక్క జానెడు లేచి పడింది. తరవాత కాసేపటికి ఆవిడ ఎగిరింది. రెండోది వచ్చింది. బట్టతల లేచింది, పడింది, ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు, అప్పుడు ఆవిడ ఎగిరింది. మూడో దానికి ఆవిడ ఎగరడం పూర్తికాకుండానే లేచి నిలబడింది. కమ్మీలు పట్టుకుంటూ ముందుకి నడిచింది.

"ఏమండీ, మీరు ముందు ఎగిరారు."

"నేనేం చేశానే?"

"గతుకు ఒక్కటే. మీరెగిరాక నేనెగిరాను."

"నేను ముందు కూర్చున్నాను, నువ్వు వెనక కూర్చున్నావు. ఇందులో వింతేముంది?"

"ఇరవై మూడేళ్ళుగా వెనక కూర్చుని రాసుకున్నానండీ." ఆయన పక్కన కూలబడింది. "నేను స్తంభం దాటుతుండగా బ్రేకు వినపడేది. అప్పటికి బాబాయ్ స్తంభం దాటి రెండు పెట్టెల దూరం వెళ్ళిపోయుండేవాడు. ఇవాళ నేను ఆయన చోట నిలబడి, నా చోటు చూసి పట్టాను. వెనక పెట్టె ఇంకా కొండ ఎక్కుతూనే ఉంది పాపం."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. "అయితే భయపడలేదన్నమాట."

"భయమెందుకు? అంతకంటే ఘోరం. తెలివి ఎక్కువైంది."

బస్సులోంచే పెద్దాయనకి ఫోను చేసింది. అంతా విని ఆయన చాలాసేపు దగ్గాడు. అది నవ్వని ఆవిడకి తరవాత తెలిసింది.

"అయితే ఇప్పుడేం చేస్తావ్?"

"ముప్ఫై అడుగులు ముందుకి జరుపుతాను బాబాయ్. అక్కడ చెత్తడబ్బా ఒకటుంది గుర్తుకి."

"చెత్తడబ్బా వద్దు, స్తంభమూ వద్దు. పొద్దున రైలు చల్లగా ఉంటుంది, సాయంత్రం వేడిగా ఉంటుంది. ఒకసారి ముప్ఫై మంది, ఒకసారి పన్నెండు మంది. ఇవన్నీ డబ్బా చెబుతుందా నీకు? పొద్దున్నే రా. ఈసారి నేను చెబుతాను, నువ్వు వింటావు."

శనివారం ఆవిడ షెడ్డుకి సెలవు పెట్టింది. పొద్దున బస్తాలు మళ్ళీ ఎక్కాయి. పెద్దాయన ఈసారి సీట్లో కూర్చోలేదు. మెట్టు మీద ఆవిడ పక్కనే ఇరుక్కుని నిలబడి, ఎడమ చేత్తో లివరు పట్టుకున్నాడు. ఆ చేతి మీద ఆవిడ చెయ్యి పెట్టమన్నాడు.

"చెప్పులు విప్పు. కళ్ళు మూసుకో."

"బాబాయ్, కళ్ళు మూసుకుని ఎలా?"

"నీ కళ్ళే నిన్ను ముంచాయి. మూసుకో."

మొదటి చుట్టు ఆవిడకి గాలి, చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. రెండో చుట్టులో, రెండో కొండ మీద, కాళ్ళ కింద ఏదో మారింది. వెనకనుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టున్న మెట్టు పలక ఉన్నట్టుండి తేలికపడింది. అదే క్షణంలో పెద్దాయన చెయ్యి కదిలింది.

ఆ తేలిక ఆవిడ ఎరిగిందే. మూడు పొరల రెక్సిన్ మీదికి సూది ఎక్కినప్పుడు కాలి కింద పెడలు బరువెక్కుతుంది, మడత దాటగానే తేలికవుతుంది. అది తెలియడానికి ఏనాడూ ఆవిడ కంటితో చూడలేదు. చూసేవాళ్ళు సూదులు విరగ్గొడతారు.

మూడో చుట్టులో ఇద్దరి చేతులూ ఒకేసారి కదిలాయి. నాలుగో చుట్టులో పెద్దాయన చెయ్యి తీసేశాడు. ఆవిడకి తెలియలేదు, దిగాక చెబితే నమ్మలేదు. ఐదో చుట్టు కళ్ళు తెరిచి, ఒక్కతే పట్టింది. రైలు మలుపు తిరిగి, మూడో కొండ మీదికి నిండుగా వెళ్ళి, అవతలికి దిగింది.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు సగం బస్తాలు దింపించి ఒకసారి, అన్నీ ఎక్కించి ఒకసారి నడిపించి చూశాడు. ఆఖరికి కాగితం మీద సంతకం పెట్టబోతూ, "ఎన్నాళ్ళ అనుభవం?" అన్నాడు.

మేనేజరు ఉన్నమాట చెబుదామని నోరు తెరిచాడు. పెద్దాయన అందుకున్నాడు. "పొద్దుట్నించి."

ఇన్‌స్పెక్టరు ఒకసారి ఆవిడకేసి, ఒకసారి కాగితంకేసి చూశాడు. సీజన్ మొదటి నెల పెద్దాయన తోడుండాలని కింద ఒక ముక్క రాసి, సంతకం పెట్టాడు.

ఆదివారం జనం విరగబడి వచ్చారు. చీకటి పడకముందే పదకొండు చుట్లయ్యాయి. పన్నెండోదానికి జనం ఎక్కుతుంటే మొగుడు కమ్మీల దాకా వచ్చాడు. ఈసారి రైలుకి ముఖం పెట్టే నిలబడ్డాడు, ఆగి ఉంది గనక. మంచినీళ్ళ సీసా అందించాడు.

"ఎలా ఉంది? సరదాగా ఉందా?"

ఆవిడ తాగుతూ ఆలోచించింది. తెరిచినప్పట్నించి ఒక్క కేక కూడా పెట్టలేదని అప్పుడే గుర్తొచ్చింది. మూడో కొండ మీదనుంచి ఊరు కనిపిస్తుంది, అదీ ఇవాళ చూడలేదు.

"ఏమోనండీ," అంది. "ఇందాకటి చుట్టులో ముందు పెట్టెనిండా భారీ మనుషులు పడ్డారు. పలక ముందే తేలింది. వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టాలి." సీసా తిరిగిచ్చి, చెప్పులు విప్పి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "బాబాయ్, ఆ నీలం చొక్కా ఆయన్ని రెండో పెట్టెలోకి మార్చండి."

పెద్దాయన అప్పటికే మారుస్తున్నాడు.